గెలిచినవాళ్ళే అడగాలి

ఫిబ్రవరి 4

వదినకి,

నీ ఉత్తరం, దాంతోపాటు అన్నయ్య స్వెట్టరూ చేరాయి. మోచేతి దగ్గర అంత బొక్క ఎలా పడిందని అడగను. చిన్నప్పుడూ ఇంతే, బల్లమీద మోచేతులు ఆనించి చదివిన పేపరే మళ్ళీ చదివేవాడు. రఫూ చేసి పంపుతున్నాను. ఆ బొక్క ఎక్కడుండేదో కనిపెట్టగలిగితే నీకో దండం.

ఫోను చేయొచ్చుగా అంటావు. మీ ఇంటికి చేస్తే అన్నయ్య ఎత్తుతాడు. "అక్కడ వానలున్నాయా?" అని మొదలుపెట్టి, మా వీధి కాలువ పారుతోందో లేదో దాకా అడిగి, "సరే మరి, ఉంటాను" అని పెట్టేస్తాడు. నీ గొంతు వినే యోగం నాకు లేదు. ఉత్తరమైతే నీ చేతికే వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా కుట్టుపని సొసైటీ నీకు తెలిసిందేగా. కుట్టేవాళ్ళమంతా కలిసి నడుపుకుంటున్న షాపు. నెలకోసారి మీటింగు, ఏం చేయాలన్నా చేతులెత్తి తీర్మానం. మా అధ్యక్షురాలు కత్తెరమ్మ. గుడ్డ కత్తిరించేది ఆవిడే, మాటా అలాగే కత్తిరిస్తుంది. ఆవిడ ఇప్పుడు ఎంబ్రాయిడరీ మిషను కొనాలంటోంది. కొనుక్కో తల్లీ, నాకేం? కానీ దాన్ని పెట్టడానికి నా రఫూ బల్ల తీసేయాలట. "చిరిగినవి ఈరోజుల్లో ఎవరు బాగుచేయించుకుంటున్నారమ్మా? పారేసి కొత్తవి కొంటున్నారు. నువ్వు గుండీలు కుట్టు, దానికి కిటికీ ఎందుకు?" అంది.

కిటికీ నాకెందుకో నీకు చెప్పక్కర్లేదు. చిరిగినచోట పోగులో పోగు దూర్చి అల్లే పని నాది. దీపం వెలుగులో నలుపు మీద నలుపు పోగు నాకు కనబడదు. ఆ బల్ల పోతే నా పని పోయినట్టే. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి అక్కడే కూర్చున్నాను, వదినా. ఇంకోచోట కూర్చుంటే నేనెవరో నాకే తెలియదు.

వచ్చే నెల మీటింగులో ఓటుకి పెడుతుంది. ఎవరు ఎటో తెలియడం లేదు. అందరూ నాతోనూ నవ్వుతున్నారు, ఆవిడతోనూ నవ్వుతున్నారు. ఒకవేళ ఓడిపోతే ఇక అంతేనా? మళ్ళీ తిరగదోడే దారి లేదా? ఉద్యోగమంతా బ్యాంకు మీటింగుల్లో కూర్చుని మినిట్స్ రాసినదానివి, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

నీ ఆడపడుచు


ఫిబ్రవరి 13

మహారాజశ్రీ ఆడపడుచుగారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు కదా, అందుకే ఆ మర్యాద. స్వెట్టరు అందింది. బొక్క కోసం మీ అన్నయ్యా నేనూ వెలుగులో పెట్టి వెతికాం. ఆయన "ఇదిగో" అన్నాడు. చూస్తే అది గుండీ కాజా. నీకే ఒక దండం.

నువ్వడిగింది నాకు ఇష్టమైన రూలు, కాబట్టి కాస్త ఓపికపట్టు. ఒకసారి అయిన తీర్మానాన్ని మళ్ళీ ముందుకు తేవచ్చు. దాన్ని పునఃపరిశీలన అంటారు. అయితే అది ఓడినవాళ్ళు అడగడానికి లేదు. గెలిచినవైపు చెయ్యెత్తినవాళ్ళే అడగాలి. ఓడినవాళ్ళకి ఆ వీలిస్తే ప్రతి మీటింగులోనూ పాడిందే పాట, ఒక్క పనీ ముందుకు సాగదు. గెలిచిన మనిషే లేచి "నేను మనసు మార్చుకున్నాను, మళ్ళీ చూద్దాం" అంటే, ఏదో కారణం ఉందిలే అని జనం వింటారు. బలపరచడానికి మాత్రం ఏ వైపువాళ్ళైనా పనికొస్తారు. అదీ ఒక్కసారే. మహా అయితే తర్వాతి మీటింగు దాకా గడువు. మీ నియమావళి కూడా చూసుకో, చాలావాటిలో ఇలాగే ఉంటుంది.

ఇక కిటుకు విను. మా బ్యాంకులో బట్టతల డైరెక్టరొకాయన ఉండేవాడు. తన వైపు ఓడిపోతోందని తెలియగానే గబుక్కున చెయ్యి అవతలివాళ్ళతో కలిపి ఎత్తేసేవాడు. వాళ్ళు పొంగిపోయేవారు. తర్వాతి మీటింగులో "గెలిచినవైపు మనిషిగా అడుగుతున్నాను" అని లేచేవాడు. వాళ్ళ మొహాలు చూడాలి!

నువ్వూ అదే చెయ్యి. ముందు అవతల ఎన్ని చేతులు లేచాయో చూసుకో. ఓటమి ఖాయమని తేలాకే నీ చెయ్యి లేవాలి. ఎవరితోనూ అనకు. నీ నోట్లో నువ్వుగింజ నానదని పెళ్ళయిన మొదటి వారంలోనే తెలుసుకున్నాను, అయినా ఆశకొద్దీ చెబుతున్నాను.

నీ వదిన


మార్చి 11

వదినా,

నీ రూలు సల్లగుండ! నా కొంప ముంచింది.

కోపంగా ఉన్నా వరసగానే చెబుతాను. నీ కిటుకు ఎవరికీ చెప్పలేదు, ఒక్క గుండీలక్కకి తప్ప. గుండీలూ కాజాలూ కుట్టే మనిషి, నా పక్క బల్ల. ఎవరో ఒకరు తోడుండాలి కదా అని చెప్పాను. ఆవిడా ఎవరికీ చెప్పలేదు, ఒక్క మా షాపు ఇస్త్రీ బాబాయికి తప్ప. ఇస్త్రీ బాబాయి సంగతి తెలుసుగా. ఆయన దగ్గరికి రాని బట్ట లేదు, ఆయన చెవిన పడి ఊళ్ళోకి పోని మాట లేదు. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా, రహస్యమని ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడట.

నిన్న మీటింగు. కత్తెరమ్మ నిలబడి, "మిషను కొని, రఫూ బల్ల తీసి, అక్కడ పెట్టడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అంది. అవతలి చేతులు చూశాకే ఎత్తమన్నావు. ఎలా చూడను? పక్కనున్న గుండీలక్క చెయ్యి టక్కున లేచింది. ఈవిడే నా వైపు లేదంటే ఇక ఓడినట్టేనని నా చెయ్యీ లేచింది. తల తిప్పి చూస్తే ఇస్త్రీ బాబాయి రెండు చేతులూ ఎత్తి ఉన్నాడు. గదిలో దించిన చెయ్యి ఒక్కటీ లేదు. ఏకగ్రీవం!

నా బల్ల తీసేయడానికి నేనే చెయ్యెత్తాను, వదినా. కొరివితో తల గోక్కున్నాను.

అంతటితో అయిందా? కత్తెరమ్మ నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది. "నువ్వు ఏడ్చి గోలచేస్తావని రాత్రంతా నిద్రపోలేదమ్మా. ఇంత పెద్ద మనసని అనుకోలేదు" అని కళ్ళొత్తుకుంది. అందరూ చప్పట్లు. నాకు కృతజ్ఞతలు చెబుతూ ఇంకో తీర్మానం. నేనేం చేశాననుకున్నావు? నవ్వి "ఫర్వాలేదండీ" అన్నాను. ఆ నవ్వెక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

బల్ల ఇప్పుడు వెనక గదిలో, ఇస్త్రీ ఆవిరి పక్కన ఉంది. పొద్దున దాని మీద ఎవరో టీ గ్లాసు పెట్టారు. చూసి ఏడ్చాను.

నీ తెలివికి బలైన
ఆడపడుచు


మార్చి 12

మరదలికి,

ఈ ఉత్తరం కాస్త ముభావంగా ఉంటే ఏమనుకోకు. మనసులో పెట్టుకుని పైకి నవ్వడం నాకు రాదు.

నిన్న సాయంత్రం బస్టాండులో మీ ఇస్త్రీ బాబాయి అల్లుడు మీ అన్నయ్యకి కనబడ్డాడట. "మీ చెల్లెలు పని మానేస్తున్నారటగా, తన బల్లని తానే చెయ్యెత్తి ఇచ్చేశారట" అన్నాడట. మీ అన్నయ్య ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, "చెల్లెలు మన దగ్గరికి వచ్చేస్తోంది!" అని కేక పెట్టాడు. ఈ పొద్దున్న పక్కగదిలోని సామానంతా వరండాలోకి లాగాడు. రంగులాయన్ని కూడా పిలిచాడు. ఆకుపచ్చ వేయిస్తాడట.

రా. నేను వద్దనలేదు. ఇల్లు నీది, అన్న నీవాడు. కానీ నెల కిందటే బల్ల ఎలా దక్కించుకోవాలని నన్నడిగి, ఇప్పుడు దాన్ని వదిలేసి వస్తున్న సంగతి బస్టాండు ద్వారా నాకు తెలియడం ఏం బాగుంది? రూలంతా అంత శ్రద్ధగా రాసి పంపిన మనిషికి ఒక ముక్క రాయడానికి బరువైందా?

నీ వదిన


మార్చి 16

పిచ్చిదానా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. మొన్న నేను రాసింది చించెయ్యి. రెండు చేతులెత్తిన ఇస్త్రీ బాబాయి దగ్గరికొచ్చేసరికి నవ్వాపుకోలేక, చదవడం ఆపి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది. టీ గ్లాసు దగ్గర మాత్రం నవ్వు రాలేదు.

ఎవరికీ అక్కర్లేకపోయినా అందరూ కలిసి ఒప్పుకున్న తీర్మానం నా ఉద్యోగంలో ఒక్కటి కూడా చూడలేదు. సరే, అయిందేదో అయింది. లాభం కూడా ఉంది. ఇప్పుడు ఆ గదిలో ప్రతివాళ్ళూ గెలిచినవైపే. ఎవరైనా లేచి పునఃపరిశీలన అడగొచ్చు. నువ్వే అడుగు.

ఒక్క సంగతి గుర్తుంచుకో. అయిపోయిన పనిని మీటింగు వెనక్కి లాగలేదు. మిషను కొనేసి అక్కడ బిగించేస్తే, అప్పుడు ఎంతమంది లేచినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అందుకని ఇప్పుడే కత్తెరమ్మ దగ్గరికి వెళ్ళి "ఆ తీర్మానం మళ్ళీ చూడాలని అడుగుతున్నాను" అని ఒక్క మాట చెప్పు. చెబితే చాలు, అది తేలేదాకా ఆవిడ మిషను కొనడానికి లేదు.

రంగు పని ఆపించాను. ఒక గోడ అప్పటికే ఆకుపచ్చ అయిపోయింది. మీ అన్నయ్య ఆ గోడ ఎదురుగా కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు.

నీ వదిన


మార్చి 25

వదినకి,

నీ మొదటి ఉత్తరానికి ఏడుపొచ్చింది, రెండోదానికి నవ్వొచ్చింది. నేను ఎక్కడికీ రావడం లేదు. వస్తే నీకు చెప్పకుండా వస్తానా? అన్నయ్యకి చెప్పు, ఆకుపచ్చ ఆసుపత్రి గోడలకి బాగుంటుందని.

కత్తెరమ్మ దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి సూదులు కావాలన్నాను. ఒకసారి తలుపు కిర్రుమంటోందన్నాను. ఇంకోసారి ఆవిడే "నీలాంటి మనిషి నూటికి ఒకరుంటారమ్మా" అంది. ఇక ఆ తర్వాత నోరెలా పెగులుతుంది? త్యాగమూర్తినని అందరిచేతా అనిపించుకుని, ఇప్పుడు నా బల్ల నాకిచ్చేయండి అంటే నవ్విపోరూ?

పోనీ ఇంకెవరైనా లేస్తారేమోనని గుండీలక్కని కదిపాను. "నీకు వదిలేయాలనే ఉందని నేననుకున్నానే! మీ అన్నయ్య గదికి రంగు కూడా వేయించాడటగా" అంది. ఇస్త్రీ బాబాయి అల్లుడు ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తున్నాడు. ఇక్కడ నేను ఆకుపచ్చ గదిలోకి మారిపోతున్నానని అందరూ నమ్మేశారు. నా కోసం వీడ్కోలు టీ కూడా అనుకుంటున్నారు.

నిన్న మిషను కంపెనీ మనిషి కొలతలకి వచ్చాడు. కిటికీ దగ్గర ఆ చివర టేపు పట్టుకునేవాళ్ళు లేకపోతే, నేనే వెళ్ళి పట్టుకున్నాను. తిట్టు, వదినా. నిన్నటి నుంచి నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

నీ ఆడపడుచు


మార్చి 30

టేపు పట్టిన మహాతల్లికి,

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. అడగందే అమ్మైనా పెట్టదు. కత్తెరమ్మ మీ అమ్మ కూడా కాదు.

ఒకటి చెప్పు. ఓటుకి ముందు చర్చ అని ఒకటి ఉంటుంది. దాంట్లో నువ్వు నోరు తెరిచావా? "నాకు ఆ బల్ల కావాలి" అని ఆ గదిలో ఎప్పుడైనా, ఎవరిముందైనా అన్నావా? నీ ఉత్తరాలన్నీ మళ్ళీ చదివాను. నాకు చెప్పావు, గుండీలక్కకి కిటుకు చెప్పావు. నీకేం కావాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నీ మనసులో ఉన్నది కనిపెట్టడానికి వాళ్ళేమైనా సోదె చెప్పేవాళ్ళా?

వచ్చే మీటింగు దాటితే గడువు పోతుంది. కిటుకులొద్దు, ఎత్తులొద్దు. లేచి నిలబడి అడుగు. కాళ్ళు వణికితే వణకనీ, రూల్లో కాళ్ళు వణక్కూడదని లేదు.

నీ వదిన


ఏప్రిల్ 9

వదినా,

బల్ల వచ్చేసింది! ఈ ఉత్తరం దాని మీదే రాస్తున్నాను. టీ గ్లాసు మచ్చ పోలేదు, పోకపోతే పోనీ.

నిన్న మీటింగు మొదలవగానే లేచాను. కాళ్ళు వణికాయి. నువ్వు ముందే చెప్పావు కాబట్టి వణకనిచ్చాను. "పోయిన నెల రఫూ బల్ల తీయడానికి నేనూ చెయ్యెత్తాను. ఆ తీర్మానాన్ని మళ్ళీ చూడాలని అడుగుతున్నానండీ" అన్నాను.

"అదేంటమ్మా? నువ్వే మనస్ఫూర్తిగా ఇచ్చావు కదా?" అంది కత్తెరమ్మ.

"మనస్ఫూర్తిగా కాదండీ. నాకు ఆ బల్ల కావాలి. ఆ కిటికీ కావాలి. వేరే పని చేతకాక కాదు, నాకు ఈ పనంటేనే ప్రాణం" అన్నాను. అనేశాను, వదినా! ఇంత వయసొచ్చాక మొదటిసారి నాకు ఫలానాది కావాలని నలుగురిలో అన్నాను.

"బలపరిచేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగింది. గదంతా లేచింది. ఇస్త్రీ బాబాయి మళ్ళీ రెండు చేతులూ ఎత్తాడు.

కత్తెరమ్మ కళ్ళజోడు తీసింది. "ఇంతమంది ఇటుంటే, పోయిన నెల అటు చెయ్యెత్తింది ఎవరమ్మా?"

గుండీలక్క నవ్వాపుకోలేక పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు, నీ రూలూ నీ కిటుకూ కూడా బయటపెట్టారు. తిలా పాపం తలా పిడికెడు. ప్రతివాళ్ళూ నన్ను కాపాడటానికే అటు ఎత్తారు, ప్రతివాళ్ళూ ఆ గదిలో తెలివైనది తామొక్కరమే అనుకున్నారు. ఎంత నవ్వామంటే బయట దారినపోయేవాళ్ళు తొంగిచూశారు.

నవ్వనిది కత్తెరమ్మ ఒక్కర్తే. మా దగ్గర అధ్యక్షురాలికి రెండు వైపులూ సమానమైతేనే ఓటు. అంటే ఆ రోజు చెయ్యెత్తిన ఒక్కరికీ మిషను అక్కర్లేదు, కావాలన్న ఆవిడకేమో చెయ్యెత్తే పనే లేదు. "అయితే ఈ గదిలో ఇది కావాలన్నది నేనొక్కదాన్నేనా?" అంది మెల్లగా. మళ్ళీ ఓటు పెడితే ఆ తీర్మానం వీగిపోయింది. అటు ఒక్క చెయ్యీ లేవలేదు.

అందరూ కలిసి బల్ల మోసుకొచ్చారు. సాయంత్రం నేను తాళం వేయబోతే కత్తెరమ్మ ఇంకా గుడ్డ కత్తిరించే బల్ల దగ్గరే కూర్చుని ఉంది. చేతిలో పని లేదు. బడి యూనిఫారాల ఆర్డర్లు రెండు పోయాయట. జేబు మీద గుర్తు కుట్టే మిషను మన దగ్గర లేదని వేరే షాపుకి ఇచ్చారట. మాకెవరికీ చెప్పలేదు. "ఇలాగే పోతే కిటికీ ఉంటుంది, దాని దగ్గర నీ బల్లా ఉంటుంది, పని ఉండదమ్మా. సరేలే. ఓడిపోయినదాన్ని, మీ వదినగారి రూలు ప్రకారం ఇక నోరెత్తడానికి లేదుగా" అంది.

గెలిచి ఇంటికొచ్చినా అన్నం సయించలేదు. ఆవిడ అన్నది నిజమే కదా, వదినా. నా బల్ల గొడవలో పడి మిషను అవసరమా కాదా అని ఎవరం ఆలోచించలేదు.

ఈ పొద్దున ఎవరూ రాకముందే వెళ్ళి వెనక గోడ కొలిచాను. అక్కడున్న పాత అట్టముక్కలూ విరిగిన కుర్చీలూ తీసేస్తే మిషను పట్టేస్తుంది. ఆ రోజు టేపు పట్టింది నేనే కాబట్టి దాని కొలత నాకు తెలుసు. గెలిచినవాళ్ళే అడగాలన్నావు. ఆవిడ కోసం నేను లేవనా? ఒక్కసారే అని కూడా అన్నావు, ఆ ఒక్కసారీ నా బల్లకే వాడేశాను. ఇంకోసారి వీలవుతుందా? వీలైతే ఏ మాటలతో మొదలుపెట్టాలో రాసి పంపు.

నీ ఆడపడుచు


ఏప్రిల్ 14

నా తల్లికి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి పైకి చదివి వినిపించాను. "నాకు ఆ బల్ల కావాలి" అన్నచోట పేపరు పక్కన పెట్టాడు. మళ్ళీ చదవమన్నాడు.

నువ్వడిగినదానికి రూలు ఇదీ. ఒకసారి పునఃపరిశీలించినదాన్ని మళ్ళీ పునఃపరిశీలించరు. అయితే నువ్వు చెబుతున్నది ఆ తీర్మానమే కాదు. ఎవరి బల్లా కదపకుండా వెనక గోడ దగ్గర మిషను పెట్టడమంటే అది కొత్త ప్రతిపాదన. కొత్త ప్రతిపాదన గెలిచినవాళ్ళు తేవచ్చు, ఓడినవాళ్ళు తేవచ్చు, ఎవరైనా తేవచ్చు. కత్తెరమ్మ నోరు ఏ రూలూ కట్టేయలేదు. ఆవిడకి నీ అవసరం లేదు.

ఈ సంగతి ఆవిడకి చెప్పకు. నువ్వే లేచి ప్రతిపాదించు. తన పక్కన ఒక్కరూ లేరని ఆవిడ ఆ గదిలో కూర్చుని కళ్ళారా చూసింది. నువ్వు లేచి నిలబడటం కూడా ఆవిడ అక్కడే కూర్చుని చూడాలి.

మాటలు రాసి పంపను. పోయినసారి వాటిని నీ అంతట నువ్వే వెతుక్కున్నావు.

నీ వదిన